సరదా మంచిదే – మరి ఇంటి సంగతి?

తుర్కపల్లి చుట్టుపక్కల ఉన్న కుటుంబాల జీవితం గత ఇరవై అయిదు సంవత్సరాలలో ఎంతగా మారిపోయిందో మనందరికీ తెలుసు. ఒకప్పుడు జొన్న చేలు, ద్రాక్ష తోటలు కనిపించిన చోట నేడు జీనోమ్ వ్యాలీ కంపెనీలు, మందుల ఫ్యాక్టరీలు, టీకాల తయారీ కేంద్రాలు ఉన్నాయి. రాజీవ్ రహదారి మీద తెల్లవారుజామునే కంపెనీ బస్సులు బారులు తీరతాయి. ఇంట్లో ఒకరు 'ఎ' షిఫ్టు, మరొకరు 'జనరల్', వచ్చే వారం ఇంకొకటి. ఇలాంటి ఇళ్లలో భార్యాభర్తలు ఒకరి ముఖం ఒకరు సరిగా చూసుకునేది వారానికి ఒక్కరోజే.

ఆ ఒక్కరోజు గురించే ఈ పాఠం.

ఈ మధ్య మన ప్రాంతపు యువకులలో, నలభై దాటిన తండ్రులలో కూడా, ఆరుబయటి సరదాలు పెరిగాయి. సైకిలు తొక్కేవారు, శామీర్‌పేట చెరువు గట్టున గాలం వేసేవారు, వారాంతంలో క్రికెట్టు ఆడేవారు ఎప్పటి నుండో ఉన్నారు. ఇప్పుడు కొత్తగా విల్లు పట్టేవారు కనిపిస్తున్నారు. 2023లో చైనాలోని హాంగ్‌ఝౌలో జరిగిన ఆసియా క్రీడలలో విజయవాడ అమ్మాయి వెన్నం జ్యోతి సురేఖ మూడు బంగారు పతకాలు గెలిచింది. 2024 పారిస్ ఒలింపిక్స్‌లో అదే విజయవాడకు చెందిన బొమ్మదేవర ధీరజ్, అంకిత భకత్‌తో కలిసి మిక్స్‌డ్ టీమ్ పోటీలో నాలుగో స్థానంలో నిలిచాడు. ఆ పోటీలు టీ.వీ.లో చూసినవారికి చేతులు ఉవ్విళ్లూరడం సహజమే. మనకు దగ్గరలోనే ఉన్న హకీంపేట క్రీడా పాఠశాలలో విలువిద్య నేర్పుతున్నారన్న సంగతి కూడా చాలామందికి తెలుసు.

మా ఆసుపత్రికి వచ్చేవారిలో శరీరాన్ని కదల్చక షుగరు, బి.పి. తెచ్చుకున్నవారే ఎక్కువ. అందుచేత ఎవరైనా ఒక సరదా పెట్టుకున్నామని చెబితే మేము సంతోషిస్తాం. అయితే ఆ సరదా ఇంటిని తినేస్తున్న సందర్భాలు కూడా చూస్తున్నాం. రెండింటి గురించీ మాట్లాడుకోవాలి.

వేట గురించి ముందుగా ఒక మాట

విల్లు చేతికి రాగానే కొందరికి మనసు కుందేళ్ల మీదికి, అడవి పందుల మీదికి పోతుంది. విదేశాలలో లైసెన్సు తీసుకుని విల్లుతో వేటాడే వీడియోలు చూసి మనమూ చేయవచ్చనుకుంటారు. మన దేశంలో అది కుదరదు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం వేటను నిషేధించింది. ఈ చట్టానికి 2022లో చేసిన సవరణ 2023 ఏప్రిల్ 1 నుండి అమలులోకి వచ్చింది. నెమలి, కృష్ణజింక వంటి మొదటి షెడ్యూలు జీవులను చంపితే కనీసం 3 సంవత్సరాలు, గరిష్ఠంగా 7 సంవత్సరాలు జైలు. పంటను పాడుచేసే అడవి పందినైనా అనుమతి లేకుండా చంపకూడదు. తండ్రి ఒక ఆదివారపు సరదా కోసం జైలుకు వెళితే ఆ ఇంటి గతి ఏమిటో వేరే చెప్పనక్కరలేదు. కనుక బాణం గడ్డి టార్గెట్టుకే వేయండి.

ఇక్కడ నల్లమల చెంచులను గుర్తు చేసుకోవాలి. వారు తరతరాలుగా విల్లంబులతో బ్రతికారు. హైమెన్‌డార్ఫ్ అనే పరిశోధకుడు వారి మధ్య తిరిగి 1943లో ఒక పెద్ద పుస్తకమే ప్రచురించాడు. చెంచుకు వేట సరదా కాదు, కూడు. మగవారు వేటకు పోతే, ఆడవారు గడ్డలు తవ్వి, పండ్లు ఏరి తెచ్చేవారు. విల్లుతో దొరికినది నేరుగా ఇంటి కుండలోకే వెళ్లేది. అందుచేత విల్లుకూ ఇంటికీ తగవు ఉండేది కాదు. మనకు అలా కాదు. మనం విల్లు పట్టిన ప్రతి గంటా ఇంట్లో ఎవరి గంటలో నుండో వస్తుంది. ఈ తేడాను ఒప్పుకుంటే సగం సమస్య అర్థమైనట్లే.

ఒంటికి ఎంత మేలు?

పెద్దవారికి వారానికి 150 నుండి 300 నిమిషాల మధ్యస్థ వ్యాయామం, వారానికి రెండు రోజులైనా కండరాలకు బలాన్నిచ్చే పని కావాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. విలువిద్య ఇందులో ఎంతవరకు సరిపోతుందో లెక్క వేసి చూద్దాం. పెద్ద పోటీలలో 70 మీటర్ల దూరం నుండి 72 బాణాలు వేస్తారు. ఒక్కొక్క విడతకు ఆరు బాణాల చొప్పున వేస్తే 12 విడతలు. ప్రతి విడత తరువాత నడిచి వెళ్లి బాణాలు తీసుకురావాలి. రానూపోనూ 140 మీటర్లు, పన్నెండు సార్లకు 1,680 మీటర్లు. అంటే మొత్తం మీద మైలు పైచిలుకు నడక. మంచిదే గాని, షుగరు ఉన్నవారికి ఇదొక్కటే చాలదు. నడక వేరుగా చేయాలి.

భుజానికి పడే బరువు మాత్రం తక్కువ కాదు. 30 పౌన్ల విల్లు లాగడమంటే ప్రతిసారీ 13 కిలోల పైన లాగడమే. 72 సార్లకు సుమారు 980 కిలోలు, దాదాపు ఒక టన్ను! వారమంతా కంప్యూటరు ముందో, ప్యాకింగు బల్ల ముందో వంగి కూర్చుని, ఆదివారం ఒక్కసారిగా ఇంత బరువు లాగితే భుజం కీలును పట్టి ఉంచే నాలుగు చిన్న కండరాలు దెబ్బతింటాయి. చేయి పైకెత్తితే నొప్పి, రాత్రి ఆ పక్కకు తిరిగి పడుకోలేకపోవడం దాని గుర్తులు. ఇవి కనిపిస్తే విల్లు పక్కన పెట్టి డాక్టరుకు చూపించండి. నొప్పి మాత్ర వేసుకుని మళ్లీ లాగడం తెలివైన పని కాదు.

కొత్తవారు 20 పౌన్ల లోపు తేలికపాటి విల్లుతో మొదలుపెట్టాలి. 'మగవాడికి ఇంత చిన్న విల్లా?' అని స్నేహితులు నవ్వితే నవ్వనివ్వండి. వారంలో మూడు నాలుగు రోజులు ఇంట్లోనే పది నిమిషాలు రబ్బరు పట్టీతో విల్లు లాగినట్లు సాధన చేయవచ్చు. పాత సైకిలు ట్యూబు చాలు. కుడి ఎడమలు రెండూ సమానంగా చేయండి. ఇందులో మరొక లాభముంది. ఈ పది నిమిషాలకు మైదానం అక్కరలేదు, పెట్రోలు అక్కరలేదు, పిల్లలు పక్కనే హోంవర్కు రాసుకుంటూ ఉంటారు. చేయి స్థిరపడడం చాలా వరకు ఇలాంటి చిన్న సాధనతోనే వస్తుంది.

ఒక మాట మరువకండి: రాత్రి షిఫ్టు దిగి నేరుగా మైదానానికి వెళ్లవద్దు. నిద్ర చాలని కన్ను గురి తప్పుతుంది. అంతకన్నా ముఖ్యం, ఆ నిద్రమత్తులో రాజీవ్ రహదారి మీద బండి నడపడం ప్రాణాంతకం.

గంటలు ఎక్కడి నుండి వస్తాయి?

వారానికి 168 గంటలు. ఉద్యోగానికి 48, రాకపోకలకు 12, రోజుకు ఏడు గంటల చొప్పున నిద్రకు 49 తీసివేస్తే 59 మిగులుతాయి. స్నానం, భోజనం వంటి వాటికి రోజుకు రెండు గంటలు వేసుకున్నా ఇంకా 45 గంటలు. 'ఇన్ని ఉండగా నేను ఆదివారం ఆరు గంటలు వాడుకుంటే తప్పేమిటి?' అని భర్త అడుగుతాడు. కాగితం మీద ఆ లెక్క సరైనదే. అయితే అదే కాగితం మీద భార్య లెక్క కూడా వేయాలి. 2019లో కేంద్ర ప్రభుత్వం జరిపిన కాల వినియోగ సర్వేలో, ఇంటిపనులు చేసేవారిని తీసుకుంటే, స్త్రీలు వాటికి రోజుకు సగటున 299 నిమిషాలు, పురుషులు 97 నిమిషాలు వెచ్చిస్తున్నట్లు తేలింది. 299 నిమిషాలంటే అయిదు గంటలు. వారానికి 35 గంటలు! ఆమె కూడా ఉద్యోగం చేస్తుంటే ఆ 45లో మిగిలేవి పదే. పిల్లల జ్వరం, అత్తమ్మ మోకాళ్ల నొప్పులు, స్కూలు మీటింగు ఆ పదిలోనే.

మా దగ్గరికి తలనొప్పి, నిద్ర పట్టకపోవడం అంటూ వచ్చిన ఒక సోదరి ఉంది. పరీక్షలన్నీ బాగానే ఉన్నాయి. కాస్త కూర్చోబెట్టి మాట్లాడితే అసలు విషయం బయటపడింది.

"ఆయన తాగడు, కొట్టడు డాక్టరమ్మా. మంచోడే. కని ఆదివారం పొద్దుగాల విల్లు పట్టుకొని పోతే మళ్ల పొద్దుమీకనే వస్తడు. నేను ఎవలకు చెప్పాలె? చెప్తే, తాగుబోతు మొగుళ్లతోటి ఏగుతున్నరు ఎంతమందో, నీకేం తక్కువ అంటరు."

ఈ మాట మమ్మల్ని చాలా ఆలోచింపజేసింది. మద్యం మాన్పించడానికి మనకు మాటలున్నాయి, మందులున్నాయి. మంచి అలవాటే ఇంటికి భారమైనప్పుడు ఏం చెప్పాలో మాత్రం ఎవరికీ తోచదు. భర్తను కూడా పిలిపించాం. అతడు తల వంచుకుని, "వారమంతా సూపర్‌వైజరు మాటలు పడుడే సార్. బాణం వదిలినప్పుడే మనసు నిమ్మళమైతది" అన్నాడు. అదీ నిజమే. ఆ నిమ్మళం అతడికి అవసరం. ఆమెకూ అవసరమే, కాని ఆమెకు విల్లు లేదు.

విల్లు మానేయమని మేము చెప్పలేదు. మానేసినవాడు ఇంట్లో సెల్‌ఫోను చూస్తూ కూర్చుంటే ఆమెకు ఒరిగేదేమీ లేదు. వారిద్దరూ కలిసి ఒక ఏర్పాటు చేసుకున్నారు. అతడు ఆదివారం ఉదయం ఆరుకు వెళ్లి తొమ్మిదిన్నరకల్లా ఇంట్లో ఉండాలి. ఎండాకాలంలో ఎలాగూ ఆ తరువాత నిలబడలేం. ఆ రోజు మధ్యాహ్నం వంట అతడిది. వారం మధ్యలో ఒక సాయంత్రం మూడు గంటలు ఆమెవి. ఆ సమయంలో ఆమె ఏం చేసిందని ఎవరూ అడగకూడదు. మొదటి నెల ఆమె ఆ మూడు గంటలూ పడుకునే గడిపిందట! షిఫ్టులు మారినప్పుడల్లా ఏర్పాటు చెడిపోయేది. అందుకని నెల షిఫ్టు చార్టు చేతికి రాగానే క్యాలెండరు మీద ముందు ఇంటి పనులు, ఆ తరువాత ఆమె సాయంత్రాలు, చివరగా మైదానం రోజులు గుర్తు పెట్టడం నేర్చుకున్నారు. ఈ వరుస ముఖ్యం. చాలా ఇళ్లలో ఇది తలకిందులుగా ఉంటుంది.

డబ్బు కూడా దాచకూడదు. మంచి విల్లు, బాణాలు కొనాలంటే వేలల్లో ఖర్చు, పోటీ స్థాయి సామాను లక్షలకు పోతుంది. భార్యకు చెప్పకుండా ఇ.ఎం.ఐ. మీద విల్లు కొన్నవారికి గురి కన్నా తగవులే ఎక్కువ.

ఇక గాలం సరదా గురించి. చేపలు పట్టడం మనసుకు ప్రశాంతతనిస్తుందన్నది నిజం. కాని చెరువు గట్టున గాలం పక్కనే సీసా కూడా ఉంటే అది చేపల సరదా కాదు. మత్తులో నీటి దగ్గరికి వెళ్లినవారు ఇంటికి రాకపోవచ్చు కూడా.

పిల్లలను తీసుకువెళితే

'పిల్లవాడిని కూడా తీసుకుపోతున్నా కదా' అని కొందరు తండ్రులు అంటారు. ఎండలో మూడు గంటలు నిలబెట్టి బాణాలు ఏరించడం పిల్లలతో గడపడం కాదు. అతడికి తగిన చిన్న విల్లు ఇచ్చి, ముందు అతడు వేసిన తరువాతే మీరు వేయండి. అరగంటకు విసుగు చెందితే ఆపేయండి. అయిదేళ్లు దాటిన పిల్లలకు రోజుకు గంటసేపు ఆటలు కావాలి. అది విల్లే కానక్కరలేదు, పరుగులైనా సరే. కొడుకును తీసుకువెళ్లి కూతురిని తల్లికి సాయంగా వదిలేయడం కూడా చూస్తున్నాం. మూడు పతకాలు తెచ్చింది ఆడపిల్లేనని ఆ తండ్రులకు గుర్తు చేయవలసి వస్తోంది.

పిల్లలకు మొదట నేర్పవలసినది ఈల పద్ధతి. రెండు ఈలలంటే గీత దగ్గరికి రావాలి, ఒక ఈల అంటే బాణం వేయవచ్చు, మూడు ఈలలంటే విల్లు కింద పెట్టి బాణాలు తెచ్చుకోవచ్చు. దీన్ని ఇంటి వాకిట్లో ఆటగా నేర్పవచ్చు. ఎవరు గీత దాటి ఉన్నా విల్లు ఎత్తకూడదు. బాణం లేకుండా నారి లాగి వదలకూడదు, విల్లు విరిగి కంటికి తగులుతుంది. టార్గెట్టు నుండి బాణం పీకేటప్పుడు వెనుక ఎవరూ నిలబడకూడదు.

మైదానంలో

టార్గెట్టు వెనుక మట్టి దిబ్బో, ఎత్తయిన గట్టో ఉండాలి. పల్చని కంచె వెనుక ఎవరు కలుపు తీస్తున్నారో, ఎవరి బర్రెలు మేస్తున్నాయో కనిపించదు. మంచినీళ్లు, టోపీ, ఒక ఓ.ఆర్.ఎస్. ప్యాకెట్టు వెంట ఉంచుకోండి. పెద్ద ప్యాకెట్టు మొత్తం ఒక లీటరు నీటిలో కలపాలి. కొంచెం కొంచెం గ్లాసులో వేసుకోవడం సరి కాదు.

తప్పిపోయిన బాణం కోసం గడ్డిలో చేయి పెట్టి వెతకవద్దు, కర్రతో కదిలించండి. బూట్లు వేసుకోండి. నాగుపాము, కట్లపాము, రక్తపింజరి, చిన్న పింజరి – ఈ నాలుగూ మన నేలల్లో ఉన్నాయి, నాలుగింటికీ ఒకే విరుగుడు ఇంజెక్షను పనిచేస్తుంది. కాటు వేస్తే గట్టిగా కట్టు కట్టవద్దు, కోయవద్దు, నోటితో పీల్చవద్దు, మంత్రగాడి దగ్గరికి వెళ్లి సమయం పోగొట్టవద్దు. పామును చంపి తీసుకురావలసిన అవసరం కూడా లేదు. కరిచిన కాలో చేయో కదలకుండా ఉంచి, ఉంగరాలు, కడియాలు తీసివేసి, 108కి ఫోను చేయండి. 2005 ఆగస్టు 15న మన హైదరాబాదులోనే మొదలైన సేవ ఇది. మీరున్న పొలానికి ఏ దారిన రావాలో చెప్పడానికి వీలుగా, దగ్గరలోని గుడి, బడి లేక కంపెనీ గేటు పేరు మైదానానికి వెళ్లేటప్పుడే ఇంట్లో కూడా చెప్పి వెళ్లండి.