ఆంగ్లంలో 'బ్యాడ్లీ' కుటుంబం: కొన్ని క్రియావిశేషణాల విచారణ

చెడిన పనిని వర్ణించుటకు తెలుగులో మాటలకు కరువు లేదు. అధ్వాన్నంగా, నాసిరకంగా, అస్తవ్యస్తంగా, మొక్కుబడిగా, తూతూమంత్రంగా అను వానిలో ఏ రెండింటికీ అర్థం ఒకటి కాదు. 'నాసిరకం' సరుకును గూర్చి చెప్పును. 'మొక్కుబడి' చేసినవాని మనసును గూర్చి చెప్పును. ఆంగ్లంలోనూ ఇట్టి భేదాలు కలవు. అయినను మన విద్యార్థులలో అనేకులు 'వెరీ బ్యాడ్లీ' అను ఒక్క ప్రయోగంతోనే అన్ని అవసరాలూ తీర్చుకొనుచున్నారు.

మొదట 'బ్యాడ్లీ'నే పరిశీలింతము. దీనికి రెండు అర్థాలు కలవు. 1977 నవంబరు 19 నాటి తుపాను దివిసీమను ముంచెత్తి, బాపట్ల, రేపల్లె ప్రాంతాలను కూడా దెబ్బతీసినది. అట్టి తుపానులో కూలిన ఇంటిని 'బ్యాడ్లీ డ్యామేజ్డ్' అందురు. ఇచ్చట 'బ్యాడ్లీ' అనగా 'తీవ్రంగా' అని అర్థం, తప్పు గాలివానది. అదే ఇంటిని 'బ్యాడ్లీ బిల్ట్' అన్నచో తప్పు కట్టినవానిది. ఒక్క క్రియ మారినంతనే నింద ఒకరి నుండి మరొకరికి పోవుచున్నది. ఉర్దూ మాతృభాషగా గల విద్యార్థులకు ఇది సులభంగా బోధపడును. 'బురీ తరహ్ జఖ్మీ' అన్నప్పుడు గాయపడినవానిని ఎవరూ నిందింపరు గదా!

ఇక తీవ్రతను తెలుపు పదాలు. 'పూర్లీ' మెత్తని మాట; పని ఆశించినంత బాగుగా లేదని మాత్రమే చెప్పును. 'బ్యాడ్లీ' అంతకంటె గట్టిది. ఆపైన 'అపాలింగ్లీ', 'అట్రోషస్లీ', 'అబిజ్మల్లీ' అనునవి కలవు. మొదటిదాని మూలంలో ముఖం పాలిపోవుట అను భావం, రెండవదానిలో క్రూరత్వం, మూడవదానిలో అగాధం ఉన్నవి. అందుచేత ఒక్క అక్షరదోషం గల ఉత్తరమును 'అట్రోషస్లీ రిటెన్' అనుట పిచ్చుకపై బ్రహ్మాస్త్రమే. 'టెర్రిబ్లీ' విషయంలో మరింత జాగ్రత్త వలెను. 'టెర్రిబ్లీ కైండ్' అనగా చాలా దయగలవాడని అర్థమే గాని, దయలో లోపమున్నదని కాదు.

తీవ్రతకంటె ముఖ్యమైనది కారణం. తెనాలిలో అచ్చువేయించిన ఒక పెండ్లిపత్రికలో వరుని పేరు తప్పుగా పడినదనుకొందము. సరిచూడకపోవుటచే జరిగినది గనుక అది 'కేర్లెస్లీ ప్రింటెడ్'. రేపల్లెలో కొత్తగా కుట్టు నేర్చుకొను బాలిక చేతిలో కుట్టు వంకరపోయినచో అది 'క్లమ్జిలీ' చేసిన పని. శ్రద్ధ ఉన్నది, చేతివాటమే ఇంకను రాలేదు. బాపట్లలో ఒక వీధికి వేసిన తారు తొలి వానకే లేచిపోయి, చౌక సరుకు వాడినట్లు తేలినచో అది 'షాడిలీ' చేసినది. 'షాడీ' అనగా పూర్వం ఇంగ్లండులో పాత ఉన్ని పేలికలను చీల్చి, మరల వడికి నేసిన చౌక బట్ట. పైకి కొత్తదిగా కనిపించి లోపల సత్తువలేని వస్తువునకు ఆ పేరు స్థిరపడినది. మనసు పెట్టక చేసినదానిని 'హాఫ్‌హార్టెడ్లీ' అందురు. ఉర్దూలో 'బేదిలీ సే', తెలుగులో 'మొక్కుబడిగా'.

వాక్యంలో స్థానం కూడా గమనింపవలెను. తెలుగులోను, ఉర్దూలోను ఈ విశేషణం సాధారణంగా క్రియకు ముందు వచ్చును. ఆంగ్లంలో కర్మ తరువాత వచ్చుట పరిపాటి: 'హి రోట్ ది లెటర్ బ్యాడ్లీ'. 'హి రోట్ బ్యాడ్లీ ది లెటర్' అనరాదు. కర్మణి ప్రయోగంలో మాత్రం 'ది లెటర్ వాజ్ బ్యాడ్లీ రిటెన్' అని క్రియకు ముందే నిలుచును.

విద్యార్థులారా! రేపు మీలో కొందరు ఉపాధ్యాయులై నివేదికలు వ్రాయుదురు. కొందరు అధికారులై ఇతరుల పనిపై అభిప్రాయం తెలుపుదురు. 'క్లమ్జిలీ' అనవలసినచోట 'కేర్లెస్లీ' అని వ్రాసినచో, నేర్చుకొనుచున్నవాడు సోమరిగా ముద్రపడును. 'షాడిలీ' అనవలసినచోట 'పూర్లీ' అన్నచో, మోసగించినవాడు తప్పించుకొనును. కావున కలం పట్టునపుడు పని ఎంత చెడినదను ప్రశ్నతో ఆగక, ఎందుచేత చెడినదో కూడా విచారించి, ఆ పిదపనే పదమును ఎన్నుకొనవలెను.