జీతము, బాడుగ, సేద్యము: మూడు పద్దులు

మన డెల్టా గ్రామములలో ఒకే మనిషికి రెండు మూడు ఆదాయములుండుట నేడు సామాన్యమైనది. ప్రైవేటు పాఠశాలలో పాఠములు చెప్పుచు, తన ట్రాక్టరును దమ్ముపనికి బాడుగకు పంపుచు, స్వంత పొలమున సార్వా దాళ్వాలు పండించుకొనువారు పెక్కుమంది కలరు. అట్టి సభ్యుడొకడు డీజిలు రసీదులతో నిండిన సంచిని మాయొద్దకు తెచ్చెను. అతడు బాడుగలో వచ్చిన నష్టమును జీతమునుండి తీసివేసి పన్ను లెక్క చూపెను. అది చెల్లలేదు. పన్నును, దానిపై వడ్డీయును కట్టవలసివచ్చెను. పైగా, ఏ రసీదు ఏ పొలమునకు సంబంధించినదో అతనికే తెలియదు. ఇతరులకు ఈ చిక్కు రాకుండుటకై యిది వ్రాయుచున్నాము.

1961 సంవత్సరపు ఆదాయపు పన్ను చట్టమునందును, దాని స్థానమున 2026 ఏప్రిలు 1వ తేదీనుండి అమలునకు వచ్చిన 2025 సంవత్సరపు చట్టమునందును మూలసూత్ర మొక్కటియే. ఏ ఆదాయము కొరకైన ఖర్చును ఆ ఆదాయమునుండియే తగ్గింపవలెను.

మొదటి పద్దు జీతము. బడికి పోవుటకైన పెట్రోలు మున్నగు ఖర్చులను ఇందు చూపుటకు వీలులేదు. వానికి బదులుగా నొక నిర్ణీత మొత్తము తగ్గింపబడును. అది 2024-25 ఆర్థిక సంవత్సరమునుండి నూతన విధానమున 75,000 రూపాయలు. పాత విధానమున 50,000.

రెండవది బాడుగ. పరుల పొలము దున్ని సంపాదించినది వ్యవసాయాదాయము కాదు, వ్యాపారాదాయము. డీజిలు, డ్రైవరు జీతము, మరమ్మతు, భీమా, అప్పుపై వడ్డీ ఇందు తగ్గింపవచ్చును. వాయిదాలోని అసలు ఖర్చు కాదు. ట్రాక్టరు ఖరీదును ఒక్కసారిగా తీసివేయరాదు. ఏటేట తరుగుదల మాత్రమే. ఒకే మనిషికి ఒక దినమున 10,000 రూపాయలకు మించి నగదుగా నిచ్చిన ఖర్చు సాధారణముగా చెల్లదు.

మూడవది సేద్యము. దీనిపై పన్ను లేదు గనుక దీని ఖర్చు బాడుగ పద్దులోనికి రారాదు. కడియము నర్సరీలవారికిని ఇదే సూత్రము. తాము పెంచిన మొక్కలపై లాభము వ్యవసాయాదాయము. ఇతరులవద్ద కొని అట్లే అమ్మిన మొక్కలపై లాభము వ్యాపారాదాయము.

ఒకే ట్రాక్టరు రెండు పనులు చేసినచో నెట్లు? మచ్చునకు, ఏడాదిలో 600 గంటలు నడిచెననుకొందము. అందు బాడుగకు 400 గంటలు, స్వంత పొలమునకు 200. డీజిలు ఖర్చు 3,00,000 రూపాయలైనచో, బాడుగ పద్దుకు చేరునది 2,00,000 మాత్రమే. మరమ్మతు, వడ్డీ, తరుగుదలలను గూడ నిట్లే పంచవలెను.

బాడుగలో నష్టము వచ్చినచో జీతమునుండి తీసివేయరాదు. అయినను గడువులోగా రిటర్ను దాఖలు చేసినవారు ఆ నష్టమును తరువాతి 8 సంవత్సరముల వ్యాపార లాభములనుండి తగ్గించుకొనవచ్చును. పైసభ్యుడు గడువు దాటించి యీ వీలును గూడ పోగొట్టుకొనెను.

కావున, సోదర కర్షకులారా, ట్రాక్టరుతోబాటు నొక పుస్తక ముంచుడు. తేదీ, పొలము ఎవరిది, ఎన్ని గంటలు, ఎంత డీజిలు అను నాలుగు సంగతులు ఏ దినమున కా దినము వ్రాయించుడు. రసీదు ఖర్చైనదని చెప్పును. అది ఎందులకైనదో ఈ పుస్తకమే చెప్పును.