బాలింతకు ఏది మామూలు, ఏది ప్రమాదం?

ప్రశ్న: కాన్పు తర్వాత రక్తస్రావం ఎంతవరకు సహజం?

జవాబు: మొదటి మూడు నాలుగు రోజులు స్రావం ఎర్రగా ఉంటుంది. పది రోజులయ్యేసరికి గులాబి, గోధుమ రంగులకు మారి, ఆపైన పసుపు తెలుపుగా పలచబడి 4 నుంచి 6 వారాల్లో ఆగిపోతుంది. బిడ్డకు పాలిచ్చేటప్పుడు కడుపులో మెలిపెట్టినట్లయి స్రావం కాస్త పెరిగితే కంగారు అక్కర్లేదు. పాలిచ్చే వేళ ఊరే ఆక్సిటోసిన్ హార్మోను గర్భసంచిని ముడిచిపెడుతుంది, అది మంచిదే.

గంటలోపే ప్యాడ్ నిండా తడిసిపోవడం, నిమ్మకాయంత గడ్డలు పడడం, రంగు మారిన స్రావం మళ్ళీ ఎర్రగా ధారకట్టడం మాత్రం ప్రమాదమే. మొదటి 24 గంటల్లో వచ్చే తీవ్ర రక్తస్రావానికి గర్భసంచి గట్టిపడకపోవడం ముఖ్య కారణం. తర్వాతి వారాల్లో వచ్చేదానికి లోపల మిగిలిన మాయ ముక్కో, ఇన్ఫెక్షనో కారణం కావచ్చు. చీర గుడ్డలు వాడే ఇళ్ళలో ఎంత రక్తం పోయిందో తెలియదు కాబట్టి గుడ్డ ఎంత సేపటికి తడుస్తోందో గమనించాలి. వయసులో ఉన్న ఆడవాళ్ళలో చాలా రక్తం పోయేదాకా బీపీ పడిపోదు, ముందు నాడి వేగం పెరుగుతుంది. బీపీ బాగుందన్న ఒక్క మాటతో ధీమా పడకూడదు. రక్తహీనత ఉన్న తల్లి కొద్దిపాటి నష్టాన్ని కూడా తట్టుకోలేదు.

ప్రశ్న: బాలింతకు వచ్చే జ్వరం పాలు చేపుకు రావడం వల్లేనా?

జవాబు: పాలు పడే మూడో రోజు ప్రాంతంలో రొమ్ములు బిగిసి ఒళ్ళు కాస్త వెచ్చబడవచ్చు. అది ఒక రోజులో సర్దుకోవాలి. 100.4 డిగ్రీల ఫారన్‌హీట్ దాటిన జ్వరాన్ని పాల జ్వరమని వదిలేయకూడదు. దానితో పాటు స్రావం దుర్వాసన వేయడం, పొత్తికడుపు నొప్పి, కుట్ల దగ్గర చీము ఉంటే అదే రోజు ఆసుపత్రికి చేరాలి. రొమ్ములో ఒక పక్క ఎర్రగా కందిపోయి నొప్పితో జ్వరం వస్తే చికిత్స తీసుకుంటూనే పాలివ్వడం కొనసాగించవచ్చు. ఒంట్లో ఇన్ఫెక్షను ముదిరితే జ్వరం తగ్గిపోయి ఒళ్ళు చల్లబడవచ్చు కూడా. అప్పుడు వేగంగా ఊపిరి తీయడం, మాట తడబడడం, మూత్రం తగ్గడమే గుర్తులు.

ప్రశ్న: గర్భంతో ఉన్నప్పుడు బీపీ లేనివారికి కాన్పయ్యాక తలనొప్పి వస్తే భయపడాలా?

జవాబు: పరీక్ష చేయించాల్సిందే. కాన్పయ్యాక 3 నుంచి 6 రోజుల మధ్య బీపీ ఎక్కువగా పెరుగుతుంది. సరిగ్గా అప్పటికే తల్లి ఇంటికి వచ్చేసి ఉంటుంది. అంతకుముందు బీపీ లేకపోయినా ఇలా జరగవచ్చు, ఆరు వారాల దాకా అవకాశం ఉంది. తగ్గని తలనొప్పి, కళ్ళు మసకబారడం, మిరుమిట్లు, పొట్ట పైభాగాన కుడివైపు నొప్పి దీని లక్షణాలు. 140/90 ఉంటే వైద్యుల పర్యవేక్షణ కావాలి, 160/110 చేరితే అత్యవసరం. ఫిట్స్ వస్తే అది గుర్రపువాతం. గాలి సోకిందని తాయెత్తు కోసం తిరిగే సమయంలోనే మెదడులో రక్తనాళం చిట్లవచ్చు. మెగ్నీషియం సల్ఫేట్ ఇంజక్షన్లతో ఫిట్స్‌ను అదుపు చేయవచ్చు.

కూర్చుంటే పెరిగి, పడుకుంటే తగ్గే తలనొప్పి వేరు. వెన్నులో మత్తు ఇచ్చిన కాన్పుల తర్వాత అది కనిపిస్తుంది. రోజురోజుకూ ఎక్కువవుతూ వాంతులు, ఫిట్స్, ఒక చెయ్యో కాలో పడిపోవడం తోడైతే మెదడు సిరల్లో రక్తం గడ్డకట్టిందని అనుమానించాలి. కాన్పు తర్వాత రక్తానికి గడ్డకట్టే స్వభావం ఎక్కువ. పథ్యం పేరుతో బాలింతకు నీళ్ళు కట్టడి చేస్తే ఒంట్లో నీరు తగ్గి ఆ ముప్పు ఇంకా పెరుగుతుంది. కారప్పొడి, వెల్లుల్లి తినిపించడం వల్ల నష్టం లేదు గాని, దాహం వేసిన తల్లికి నీళ్ళివ్వకపోవడం మాత్రం వెంటనే మానుకోవాల్సిన ఆచారం.

ప్రశ్న: కాళ్ళ వాపు, ఆయాసం నీరసం వల్లేనా?

జవాబు: రెండు పాదాలూ సమానంగా కాస్త వాచి, వారంలో తగ్గితే సహజమే. ఒక పిక్క మాత్రమే వాచి నొప్పి పుడితే లోపలి సిరలో రక్తపు గడ్డ ఉండవచ్చు. దాన్ని మర్దనా చేయకూడదు. గడ్డ ఊపిరితిత్తులకు చేరితే ఉన్నట్టుండి ఆయాసం, ఛాతీనొప్పి వస్తాయి. పడుకోగానే ఊపిరాడక లేచి కూర్చోవలసి వస్తుంటే గుండె కండరం బలహీనపడి ఉండవచ్చు. కాన్పయిన ఐదు నెలల వరకు ఈ జబ్బు బయటపడవచ్చు.

ప్రశ్న: ఊరికే ఏడుపు రావడం జబ్బేనా?

జవాబు: మూడో రోజు తర్వాత వచ్చి రెండు వారాల్లో పోయే దిగులు చాలామందికి ఉంటుంది. రెండు వారాలు దాటినా ఏ పని మీదా మనసు పోకపోవడం, బిడ్డ నిద్రపోయినా తల్లికి నిద్ర పట్టకపోవడం, చచ్చిపోవాలనిపించడం డిప్రెషన్. సాయం కోసం 14416 టెలి మానస్‌కు ఫోన్ చేయవచ్చు. లేనివి వినిపించడం, బిడ్డ తనది కాదనడం, రాత్రంతా తిరుగుతూ పొంతన లేకుండా మాట్లాడడం ఇంకా తీవ్రమైన జబ్బు, సాధారణంగా మొదటి రెండు మూడు వారాల్లోనే మొదలవుతుంది. తల్లినీ బిడ్డనీ ఒంటరిగా వదలకుండా ఆ రోజే మానసిక వైద్యుడి దగ్గరకు తీసుకెళ్ళాలి. చికిత్సతో ఎక్కువమంది కోలుకుంటారు. తర్వాతి కాన్పులో మళ్ళీ వచ్చే అవకాశం ఉంది కాబట్టి, గర్భం నిలవగానే ఈ సంగతి డాక్టరుకు చెప్పాలి.