ఆ బండలను వరద పేర్చలేదు

ప్రశ్న: హైదరాబాద్ గుట్టల మీద గుండ్రటి బండలు ఒకదానిపై ఒకటి నిలబడి ఉంటాయి. ఏదైనా పాత వరద వాటిని దొర్లించుకొచ్చిందా?

జవాబు: లేదండి. ఆ బండలు ఎక్కడి నుంచీ రాలేదు, ఉన్నచోటే తయారయ్యాయి. ఆ గ్రానైటు సుమారు 250 కోట్ల ఏళ్ల క్రితం, భూమి లోపల కిలోమీటర్ల లోతున శిలాద్రవం నెమ్మదిగా చల్లారి ఏర్పడింది. పైనున్న రాయి అరిగిపోయి బరువు తగ్గేకొద్దీ అందులో నిలువుగా, అడ్డంగా పగుళ్లు విచ్చుకున్నాయి. వాననీరు వాటిలోకి దిగి, గ్రానైటులోని ఖనిజమైన ఫెల్‌స్పార్‌ను బంకమట్టిగా మార్చేస్తుంది. క్వార్ట్‌జ్ అనే మరో ఖనిజం మాత్రం లొంగక ఇసుకగా మిగులుతుంది. పగుళ్ల మధ్య మిగిలిన రాతి దిమ్మ ముఖాన్ని నీరు ఒకవైపు నుంచే తాకుతుంది. అంచును రెండువైపుల నుంచి, మూలను మూడువైపుల నుంచి తాకుతుంది. అందుకే మూలలు ముందు పోతాయి. దిమ్మ ఉల్లిపాయలా పొరలు విడుస్తూ, చివరికి లోపల గట్టి గుండు మిగులుతుంది. ఇదంతా చాలావరకు నేల కిందే జరుగుతుంది. తర్వాత వానలు మెత్తబడిన మొరాన్ని కడిగేస్తే, గుండ్లు ఉన్న వరసలోనే కుదురుకుని బయటపడతాయి.

ఆ నునుపు చూస్తే ఏటి గులకరాళ్లు గుర్తుకు రావడం సహజమే. కానీ ఏరు రాళ్లను పల్లంలో వదులుతుంది, గుట్ట నెత్తిన పేర్చదు. పైగా రకరకాల రాళ్లను కలగలుపుతుంది. ఇక్కడ పై బండా, కింది బండా ఒకే గ్రానైటు. రోడ్డు కోసం గుట్టను కోసిన చోట చూడండి, ఇంకా విడివడని గుండ్లు మొరంలోనే కనిపిస్తాయి. ఆ మొరం కూడా అదే గ్రానైటు చివికినది. ఇంతకన్నా బలమైన సాక్ష్యం అక్కర్లేదు.

ఇలా తయారైన బండను ఒకసారి పేల్చేస్తే, ఏ ప్రభుత్వమూ దాన్ని తిరిగి కట్టలేదు. మీ కాలనీ పక్కన అలాంటి బండలున్న గుట్ట ఉంటే, దాన్ని పార్కులో భాగంగా ఉంచమని దయచేసి మున్సిపాలిటీని అడగండి.