నోవాముండిలో ఉన్న మనవరాలికి

కదమా, జంషెడ్‌పూర్



నీ ఉత్తరం అందింది. ఎటు చూసినా ఎర్ర దుమ్మేనని, దువ్వెన కూడా ఎర్రబడుతోందని, ఇంత చదివి ఈ ఇనుప గని కొండల్లో పడ్డానని రాశావు. చదివి మీ అమ్మమ్మ కళ్ళు తుడుచుకుంది. నాకైతే గర్వంగా ఉందమ్మా. మూడు తరాలుగా మనింట్లో అందరం ఆ మట్టి పెట్టిన కూడే తిన్నాం. దాని పుట్టిల్లు చూసింది మాత్రం నువ్వొక్కదానివే.

మా నాన్న శ్రీకాకుళం నుంచి వచ్చి ఇక్కడి ఉక్కు కార్ఖానా కోక్ ఓవెన్లలో చేరాడు. నా సర్వీసంతా బ్లాస్ట్ ఫర్నేసు దగ్గరే గడిచింది. ఫర్నేసు అడుగున రంధ్రానికి బంకమట్టి బిగించి ఉంటుంది. దాన్ని డ్రిల్లుతో తొలిచేవాళ్ళం. తొలిచామో లేదో, దాదాపు పదిహేనువందల డిగ్రీల ఇనుము కాలవలోకి దూకేది. మీద తేలే స్లాగ్‌ను పక్క కాలవకి మళ్ళించేవాళ్ళం. ఇంటికొచ్చి చొక్కా విప్పి వెలుతురుకి పట్టుకుంటే నిప్పురవ్వల చిల్లులతో జల్లెడే! టన్ను ఇనుము దిగాలంటే టన్నున్నర పైనే ఖనిజం పడాలి. వ్యాగన్లలో వచ్చే ఆ ఖనిజం ఏ కొండదో, అక్కడ ఎవరుంటారో నేనెప్పుడూ అడగలేదు. ఇప్పుడు తలుచుకుంటే సిగ్గేస్తుంది.

1904లో పి.ఎన్. బోస్ గారు మయూర్‌భంజ్‌లోని గొరుమహిసాని కొండల్లో మంచి ఇనుము ఉందని జంషెడ్‌జీ టాటాకి ఉత్తరం రాశారు. అక్కణ్ణించే మొదలైంది ఇదంతా. సువర్ణరేఖ, ఖర్కాయి నదుల నీళ్ళు చూసుకుని సాక్చి పల్లెలో కార్ఖానా కట్టారు. 1912లో ఉక్కు వచ్చింది, 1919లో ఊరికి జంషెడ్‌పూర్ అని పేరు పెట్టారు.

ఖనిజాన్ని తవ్వి తవ్వినట్టే ఎగుమతి చేసి ఉంటే ఇక్కడ రైలు పట్టాలు తప్ప ఏం మిగిలేవి? ఇక్కడే కరిగించారు కాబట్టి పక్కనే తగరపు రేకుల కార్ఖానా వచ్చింది, లారీలు తయారుచేసే టెల్కో వచ్చింది, ఆదిత్యపూర్‌లో వందల చిన్న షెడ్లు లేచాయి. మేం పక్కకి మళ్ళించిన స్లాగ్ కూడా సిమెంటులోకి పోతుంది. ఫర్నేసు మరమ్మతుకి ఆగి ఓవర్‌టైము లేని నెలల్లో, మన కిరాణా కొట్టాయన ఖాతా పుస్తకం లావెక్కేది. దసరా ముందు బోనస్ పడితే ఆ బాకీలన్నీ ఒక్క రోజులో తీరేవి. సాక్చి బజారులో కాలు పెట్టే సందుండేది కాదు.

అయితే జీతాలు, బజార్లు, బడులు ఇటు వచ్చాయి. గొయ్యి, దుమ్ము అటు మిగిలాయి. అది నాకు న్యాయంగా అనిపించదు. 2015లో గనుల చట్టం సవరించి జిల్లా ఖనిజ నిధి పెట్టారు. పాత లీజులవాళ్ళు రాయల్టీ మీద అదనంగా అందులో 30 శాతం, వేలంలో తీసుకున్నవాళ్ళు 10 శాతం ఆ నిధికి కట్టాలి. గని వల్ల దెబ్బతిన్న ఊళ్ళలో మంచినీళ్ళకీ, వైద్యానికీ, చదువుకీ ముందు దాన్ని వాడాలి. సెలవు రోజున చుట్టుపక్కల హో గిరిజనుల పల్లెలకి వెళ్ళు. ఏ కుళాయిలో నీళ్ళొస్తున్నాయో, బడిలో పంతులు ఉన్నాడో లేదో నీ కళ్ళతో చూసి నాకు రాయి.

రాత్రి షిఫ్టులో డంపర్ నడిపే హో అమ్మాయి గురించి రాశావు కదా, ఆ మాట రెండుసార్లు చదువుకున్నాను. 2019లో నిబంధన సడలించేదాకా ఆడవాళ్ళకి గనిలో రాత్రి పని నిషిద్ధం. అంతేసి బండి కొండ అంచున తిప్పుతుందంటే ఎంత ధైర్యం!

దసరాకి సెలవు పెట్టుకుని ఆ అమ్మాయిని కూడా మనింటికి తీసుకురా. తను తవ్వి పంపిన మట్టి ఏమవుతోందో ఆమెకి ఈ ఊళ్ళో తిప్పి చూపిస్తాను. అమ్మమ్మ గారెలు వండుతానంటోంది.

తాతయ్య