ముద్ర లేని కాంటా

హాలియా

చిరంజీవి అల్లుడికి మామ ఆశీర్వదించి రాయునది.

ఫోన్‌లో ఫ్రీ ఫైర్ లాంటి ఆట నెలల తరబడి ఆడినా మంచి గన్ స్కిన్ గానీ మంచి డ్రెస్ గానీ ఉత్తగ రాదని, డైమండ్లు కొన్నవాడికే వస్తుందని, అట్లాంటప్పుడు దీన్ని ఫ్రీ గేమ్ అని ఎట్ల అంటారని నువ్వు రాసిన మాట చదివాను. "ఆ ఆట బంద్ చేసి పుస్తకం పట్టు" అని ఒక్క ముక్కలో తేల్చేయొచ్చు. ఇంట్లో నీకు దొరికిన జవాబు కూడా అదే అయ్యుంటుంది. కానీ నువ్వు అడిగింది ఆడాలా వద్దా అని కాదు, ఇది న్యాయమేనా అని. న్యాయం గురించి అడిగిన పిల్లవాడికి చదువు గురించి చెప్తే, వీళ్లకు నా గోడు పట్టదు అనుకుని మరోసారి ఏదీ అడగడు. అందుకే నీ ప్రశ్నకే జవాబు రాస్తున్నాను. నీ కోపం సరైనదే. అయితే అది దేని మీద కోపమో తేల్చుకోకపోతే, ఆ కోపమే నీ చెయ్యి పట్టుకొని డైమండ్ల దుకాణానికి తీసుకుపోతుంది.

సాగర్ ఎడమ కాలువ కింద వడ్లు పండించే మన దిక్కు మనుషులకు కాంటా సంగతి ఎవరూ నేర్పనక్కర్లేదు. ధర తక్కువ పలికితే రైతు బాధపడతాడు. తూకంలో తేడా వస్తే మాత్రం బస్తా దింపేసి నిలదీస్తాడు. ఈ రెండూ ఒకటి కావు. ధర ఎంత అన్నది బేరం, దానికి ఒప్పుకోవచ్చు, మానుకోవచ్చు. తూకం బేరం కాదు, నమ్మకం. అందుకే 2009 నాటి లీగల్ మెట్రాలజీ చట్టం ప్రకారం వ్యాపారంలో వాడే ప్రతి కాంటాను తూనికలు కొలతల శాఖ పరీక్షించి ముద్ర వేయాలి. అమ్మేవాడే కాంటా తయారు చేసి, వాడే రాళ్లు వేసి, ఇంత తూగిందని వాడే చెప్తే సంతలో ఎవరూ ఒప్పుకోరు. ఇప్పుడు నీ ఆట వైపు చూడు. అందులో నాణెం కొట్టేది కంపెనీ, ధర కట్టేది కంపెనీ, సరుకు చేసేది కంపెనీ, ఎన్ని స్పిన్లకు ఆ సరుకు చేతికి రావాలో రాసిపెట్టేది కూడా కంపెనీయే. ఇవాళ నువ్వు కొన్న క్యారెక్టర్ బలాన్ని రేపటి అప్‌డేట్‌లో తగ్గించే అధికారమూ దానిదే. మన దేశంలో ఆ కాంటాకు ముద్ర వేసే శాఖ లేదు. నీ జేబులో పైసలు లేవన్న బాధ వేరు, ఈ కాంటా మీద కోపం వేరు. నువ్వు రెండింటినీ కలిపి ఒకటే అనుకుంటున్నావు.

ముందు నాణెం సంగతి చూద్దాం. 2021 జులైలో పబ్‌జీ స్థానంలో బీజీఎంఐ అనే ఆట మొదలైనప్పుడు 75 రూపాయలకు 60 యూసీలు, అంటే ఆ ఆట నాణేలు, ఇచ్చేవాళ్లు. అప్పటి నెలవారీ రాయల్ పాస్ ధర 360 యూసీలు. తెర మీద 360 కనిపిస్తుంది, జేబులోంచి పోయేది 450 రూపాయలు. ఆ ఏడు తెలంగాణలో ఉపాధి హామీ కూలి రోజుకు 245 రూపాయలు. అంటే మట్టి తవ్విన మనిషికి దగ్గర దగ్గర రెండు రోజుల కష్టం ఒక నెల పాస్‌కు సరిపోతుంది. నేరుగా రూపాయల్లోనే ధర రాస్తే ఈ లెక్క ఎవరికైనా తడుతుంది. మధ్యలో యూసీ అనో, డైమండ్ అనో ఒక తెర దించితే రూపాయి రూపాయిలా కనిపించదు. ఇందులో అబద్ధమేమీ లేదు, మారకం రేటు అక్కడ రాసే ఉంటుంది. అయినా ప్రతి వస్తువు దగ్గరా ఆగి గుణించుకునే పని కొనేవాడి నెత్తిన వేయడం, అదీ పదిహేను పదహారేళ్ల పిల్లల నెత్తిన వేయడం, నిజాయితీ గల వ్యాపారం కాదు.

నాణెం కన్నా నన్ను ఎక్కువ కలవరపెట్టేది స్పిన్, అంటే పైసలు పెట్టి చక్రం తిప్పడం. ఫ్రీ ఫైర్‌లో ఫేడెడ్ వీల్ లాంటివి ఎట్లా నడుస్తాయో నీకు నాకన్నా బాగా తెలుసు. మొదటి తిప్పు చాలా చవక, ఆ తర్వాత ప్రతి తిప్పుకూ ధర పెరుగుతూ పోతుంది. ఇంత పెట్టినోణ్ని ఇప్పుడు ఆపేస్తే పెట్టిందంతా గంగల కలిసినట్టే కదా అన్న ఆలోచన నీ అంతట నువ్వు చేస్తున్నావనుకుంటావు. ఆ చక్రం గీసినప్పుడే నీకు ఆ ఆలోచన రావాలని గీశారు. పైగా అవకాశం ఇంత శాతం అని రాసినా, ఆ రాత నిజమో కాదో చూసేదెవరు? దీనికి దక్షిణ కొరియాలో జరిగింది చాలా పెద్ద సాక్ష్యం. అక్కడ నెక్సాన్ అనే పెద్ద కంపెనీ మేపుల్‌స్టోరీ అనే ఆటలో 'క్యూబ్' అనే వస్తువు అమ్మింది. పైసలిచ్చి కొన్న క్యూబ్ వాడితే నీ ఆయుధానికి ఏ గుణం వస్తుందో అదృష్టం మీద ఆధారపడి ఉంటుంది. ఆటగాళ్లు ఎక్కువగా కోరుకునే గుణాలు వచ్చే అవకాశాన్ని కంపెనీ చెప్పకుండా తగ్గించిందని, కొన్ని మేళవింపులకైతే అవకాశాన్ని సున్నా చేసిందని అక్కడి ఫెయిర్ ట్రేడ్ కమిషన్ తేల్చి, 2024 జనవరిలో సుమారు 1,160 కోట్ల వాన్లు జరిమానా వేసింది. సున్నా అంటే ఎన్ని వేలు పోసినా ఎన్నటికీ రాదు. అదృష్టం లేదని తమను తాము తిట్టుకుంటూ కొన్నేళ్లు ఆడినవాళ్ల ముందు అసలు ఆ తలుపే లేదు. అదే ఏడాది మార్చి 22 నుంచి ఆ దేశంలో ఇట్లాంటి వస్తువుల అవకాశాలను బయటపెట్టడం చట్టం ప్రకారం తప్పనిసరి అయింది. బెల్జియం 2018లోనే లోపల ఏముందో తెలియకుండా పైసలిచ్చి తెరిచే లూట్ బాక్సులను జూదం కింద లెక్కగట్టింది. నీ లాంటి వాళ్ల అనుమానం పిల్లల చాదస్తం కాదని చెప్పడానికే ఇవన్నీ రాస్తున్నాను.

దీనికి కంపెనీ తరఫున ఒక వాదన ఉంది, దాన్ని తేలిగ్గా కొట్టేయకూడదు. సర్వర్లకు ఖర్చు, బొమ్మలు గీసేవాళ్లకు జీతాలు, మోసగాళ్లను పట్టేవాళ్లకు జీతాలు; ఇవన్నీ భరిస్తూ నీకు ఆట ఉచితంగా ఇస్తున్నారు, ఒక్క పైసా ఇవ్వని నీకు అడిగే హక్కు ఎక్కడిది అంటారు. అడిగే హక్కు ఉంది, ఎందుకో చెప్తాను. 2021 సెప్టెంబరులో ఆటల కంపెనీ ఎపిక్‌కు, ఆపిల్‌కు మధ్య దావాలో అమెరికా కోర్టు తీర్పు చెబుతూ ఒక లెక్క రాసింది. అప్పట్లో ఆపిల్ యాప్ స్టోర్ ఆదాయంలో సుమారు 70 శాతం ఆటల నుంచే వచ్చేది, ఆ సొమ్ము పెట్టింది వాడకందారుల్లో పది శాతం లోపు మందే. మరి మిగతా తొంభై మంది ఎందుకు? వాళ్లు లేకపోతే ఆ పదిమందీ పైసలు పెట్టరు. వేల రూపాయల డ్రెస్ వేసుకుని దిగినవాణ్ని చూడడానికి కళ్లు కావాలి, ఖరీదైన తుపాకీకి ఎదురుగా నిలబడి పడిపోవడానికి మనుషులు కావాలి. జనం రాని జాతరలో ఏ దుకాణమూ నిలవదు. చెరువుగట్టు జాతరకు పోయినవాడు ఏమీ కొనకుండా తిరిగొచ్చినా, ఆ జాతర జాతరైంది వాడి రాకతోనే. నువ్వు ఆటకు నీ గంటలు ఇస్తున్నావు, నీ స్నేహితులను తెస్తున్నావు, లాబీ నింపుతున్నావు. అది ఊరికే తినడం కాదు.

అట్లాగని అన్నీ ఉచితంగా రావాలని నేను అనను. కష్టపడి చేసిన సరుకుకు ధర అడగడంలో తప్పు లేదు. తేడా సరుకులోనే ఉంది. ఆట బలాన్ని మార్చని వేషం, ఎదురుగా ధర రాసిపెట్టి, కావాలంటే తీసుకో లేకపోతే పో అన్నట్టు అమ్మితే, దాని మీద నాకు ఫిర్యాదు లేదు. బీజీఎంఐలో చాలా స్కిన్లు చూపుకే. ఫ్రీ ఫైర్‌లో గన్ స్కిన్లకు దెబ్బ బలం, రీలోడ్ వేగం లాంటి వాటిలో హెచ్చుతగ్గులు తగిలిస్తారు. పరుగు పందెంలో ఒకడు పది అడుగులు ముందు నిలబడే హక్కు కొనుక్కుంటే, గెలిచింది కాళ్లా, పైసలా అన్నది తేలదు, కొన్నవాడికి కూడా తేలదు. కొన్నవాడి మీదే నేను ఎక్కువ జాలిపడేది అందుకే. డ్రెస్ ఒక్కటే కదా, దానికేం బాధ అంటారు కొందరు. ఆ మాట అనేవాళ్లు బడికి యూనిఫాం ఎందుకు పెట్టారో ఆలోచించాలి. మామూలు డ్రెస్‌లో దిగినవాణ్ని నూబ్ అని, బాట్ అని ఎగతాళి చేసే చోట డ్రెస్ కూడా చిన్న సంగతి కాదు. అయితే ఆ నొప్పికి మందు డైమండ్ కాదు. వచ్చే వారం ఇంకో డ్రెస్ వస్తుంది, నువ్వు కొన్నది పాతబడుతుంది. ఆ వరస ఎప్పటికీ ఆగకుండా ఉండడమే వాళ్ల వ్యాపారం.

ప్రభుత్వం నిషేధిస్తే పీడ పోతుంది కదా అని ఇంకొందరంటారు. నిషేధాలు జరిగాయి. 2020 సెప్టెంబరు 2న పబ్‌జీ మొబైల్ పోయింది, తొమ్మిది పది నెలలకు బీజీఎంఐ పేరుతో వచ్చింది. 2022 ఫిబ్రవరిలో ఫ్రీ ఫైర్‌ను నిషేధించారు, ఫ్రీ ఫైర్ మ్యాక్స్ ఫోన్లలో ఆడుతూనే ఉంది. ఆ నిషేధాలు దేశ భద్రత, సమాచార భద్రత కారణాలతో వచ్చినవి. స్పిన్ ధరతో వాటికి సంబంధం లేదు కాబట్టి, ఆటలు పేరు మారినా స్పిన్ మారలేదు. 2025 ఆగస్టులో వచ్చిన ఆన్‌లైన్ గేమింగ్ చట్టం డబ్బు పెట్టి డబ్బు గెలిచే ఆటల మీద గురిపెట్టింది. పైసలు పెట్టి బొమ్మ తుపాకీ గెలిచే చక్రం దాని అసలు గురి కాదు. ఉపయోగపడేది నిషేధం కన్నా ముద్ర. 2023 నవంబరు 30న కేంద్ర వినియోగదారుల రక్షణ అథారిటీ 'డార్క్ ప్యాటర్న్స్' మీద మార్గదర్శకాలు ఇచ్చి, పదమూడు రకాల మోసపు ఎత్తుగడలను పేరుపెట్టి చెప్పింది. ఇంకా కొద్దిసేపే ఉంది అని లేని తొందర పుట్టించడం అందులో మొదటిది. ఆటలోని ప్రతి టైమర్ దాని కిందికి వస్తుందని నేను అనడం లేదు, కానీ అడగడానికి ఒక పేరు దొరికింది.

నీకు ఇంకా పద్దెనిమిది నిండలేదు కాబట్టి ఒక్క మాట కటువుగానే చెప్తాను. 2022లో హైదరాబాద్ అంబర్‌పేటలో పదహారేళ్ల అబ్బాయి ఫ్రీ ఫైర్ కోసం తల్లి ఖాతాల నుంచి 36 లక్షల రూపాయలు పోగొట్టాడని పత్రికల్లో వచ్చింది. మొదలైంది 1,500 రూపాయలతో. ఆ అబ్బాయి దొంగ కాదు, చెడ్డవాడూ కాదు. ప్రతిసారీ చిన్నగా కనిపించే మెట్టు ఎక్కుతూ పోయాడు. నువ్వు పెట్టేది ఇరవై రూపాయలే కావచ్చు, మిర్చీబజ్జీలు తిన్నట్టే అనుకోవచ్చు. బజ్జీ తింటే కడుపు నిండి చాలనిపిస్తుంది, చక్రానికి చాలు అన్నదే లేదు. 1872 నాటి కాంట్రాక్టు చట్టం ప్రకారం మైనరుకు ఒప్పందం చేసుకునే అర్హత లేదు, 1903లో ప్రివీ కౌన్సిల్ అట్లాంటి ఒప్పందం మొదటి నుంచీ చెల్లదని తేల్చింది. ఆ చట్టం నిన్ను కాపాడడానికి ఉంది. కానీ ఫోన్‌లో మీ అమ్మ పిన్ నువ్వు కొట్టాక, కొట్టింది ఎవరో రుజువు చేసి ఆ సొమ్ము తిరిగి రాబట్టడం కైకిలికి పోయే మనిషి వల్ల అయ్యే పని కాదు. అందుకే అమ్మ ఫోన్‌లో యూపీఐతో ఒక్క రూపాయి అయినా ఆమెకు చెప్పకుండా కట్టకు. ఫ్రీ డైమండ్లు ఇస్తామనే లింకులు, సగం ధరకు ఐడీ అమ్ముతామనే వాళ్లు నీ లాంటి విసిగిన పిల్లల కోసమే కాచుకుని ఉంటారు. కంపెనీ కాంటా మీద నమ్మకం లేనివాడు వీళ్లను అసలే నమ్మకూడదు. ఎవరైనా మోసపోతే వెంటనే 1930కి ఫోన్ చేయాలి.

అడిగితే ఏమైనా మారుతుందా అని నీకు అనిపిస్తుంది. 2017 నవంబరులో స్టార్ వార్స్ బాటిల్‌ఫ్రంట్ 2 అనే ఆటలో డార్త్ వేడర్ పాత్రకు 60,000 క్రెడిట్లు పెట్టారు. అందుకు పదుల గంటలు ఆడాలని ఆటగాళ్లు లెక్కగట్టి గట్టిగా నిలదీశారు. కంపెనీ ముందు దాన్ని 15,000కు దించింది, విడుదలకు ముందు రోజు ఆటలో పైసలతో కొనడాన్నే ఆపేసింది. తర్వాత తిరిగి తెచ్చినప్పుడు వేషాలకే పరిమితం చేసింది. అక్కడ పనిచేసింది తిట్లు కాదు, లెక్క. ఇన్ని గంటలు, ఇన్ని క్రెడిట్లు అని వేసి చూపించారు కాబట్టి కంపెనీకి తప్పించుకునే దారి లేకపోయింది.

నువ్వూ అట్లనే చెయ్. ఒక నోట్‌బుక్ పెట్టు. నీ స్నేహితులు కొన్న ప్రతి స్పిన్, పెట్టిన రూపాయలు (డైమండ్లు కాదు, రూపాయలు), చేతికి వచ్చిన వస్తువు, తేదీతో సహా రాయి. తెర మీద రాసిన అవకాశంతో పోల్చి చూడు. మీ లెక్కల మాస్టారుకు చూపిస్తే ఎన్ని స్పిన్ల తర్వాత తేడాను నమ్మొచ్చో ఆయన చెప్తారు, కొన్ని పదులు చాలవు. నువ్వు మాత్రం కొనకు, రాయడానికి కొననక్కర్లేదు. తేడా ఉందనిపిస్తే స్క్రీన్‌షాట్లతో ఆటలోని కస్టమర్ సర్వీసుకు పెట్టు, వాళ్లు పట్టించుకోకపోతే మీ నాయనతో జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయించు, తెలుగులోనే మాట్లాడొచ్చు. వడ్ల కోతలు అయ్యేసరికి రెండు మూడు నెలల లెక్క పోగవుతుంది. ఆ నోట్‌బుక్ నాకు పంపు, కూర్చుని నేనూ చూస్తాను.

ఆశీస్సులతో
మామ