కల్పితభాషాభ్యాసము: క్లింగాన్, తెలుగు వాగ్రీతులు

భాష జనసమూహమున పుట్టి, వాడుకలో పెరిగి, పిదప వ్యాకరణమునకు లోబడుట లోకసిద్ధము. ఈ క్రమము తలక్రిందులైన భాషలును కొన్ని కలవు. వానికి వ్యాకరణము ముందు, వక్తలు తరువాత. 1887లో వెలువడిన ఎస్పెరాంటో అట్టిది. చలనచిత్రము కొఱకు పుట్టిన క్లింగాన్ మఱియొకటి. చుట్టును మాటలాడు జనము లేకయే ఇట్టి భాషను స్వయంకృషిచే సాధించినవారి మార్గము భాషాబోధకులకు పరిశీలింపదగినది.

1979 నాటి మొదటి ‘స్టార్ ట్రెక్’ చిత్రమున ఈ భాషకు కొన్ని పలుకులు మాత్రమే యుండెను. 1984 నాటి మూడవ చిత్రమునకు మార్క్ ఒక్రాండ్ అను భాషాశాస్త్రజ్ఞుడు వానిని విస్తరించి భాషగా రూపొందించెను. మాటలాడువారు గతించిన మూత్సున్ అను కాలిఫోర్నియా ఆదివాసి భాషకు, పూర్వలేఖనముల ఆధారమున వ్యాకరణము వ్రాసి, 1977లో బర్క్లీ విశ్వవిద్యాలయమున డాక్టరేటు పొందిన పండితుడాయన. ఆయన క్లింగాన్ నిఘంటువు 1985లో వెలువడి, 1992లో అనుబంధముతో పెరిగినది. ఆ యేడే అమెరికాలో క్లింగాన్ భాషాసంస్థ ఏర్పడినది.

ఈ భాష తెలుగువానికి కొన్ని యెడల సుగమము. ఇంగ్లీషు వక్తను శ్రమపెట్టు మూర్ధన్యములు, డకార షకారములు, మనకు పుట్టుకతో వచ్చినవి. ఉర్దూ ఉచ్చారణ నెఱిగినవారికి కంఠ్యోష్మములును క్రొత్తగావు. ‘నేర్చు’ అను ధాతువు ‘ఘోజ్’. ప్రేరణార్థక ప్రత్యయము చేరగా ‘ఘోజ్‌మోహ్’, అనగా ‘నేర్పు’. ‘నేను విద్యార్థిని’ అనుటకు మనకువలెనే అచ్చటను అస్త్యర్థక క్రియతో పనిలేదు. ‘ఘోజ్‌వి జిహ్’ అని నామమును, సర్వనామమును చేర్చిన చాలును. నామప్రత్యయములు ఐదు వర్గములుగను, క్రియాప్రత్యయములు తొమ్మిది వర్గములుగను ఒకదాని వెంట నొకటి నియతక్రమమున నిలుచును.

బహువచనప్రక్రియ మఱింత ఆసక్తికరము. మాటలాడు శక్తిగల ప్రాణులకు ‘పు’, దేహావయవములకు ‘డు’, తక్కినవానికి ‘మేయ్’ అనునవి ప్రత్యయములు. బిడ్డలు ‘పుక్‌పు’, పుస్తకములు ‘పక్‌మేయ్’. తెలుగున బహువచనమందు స్త్రీవాచకములు మహత్తులతో చేరి ‘వచ్చిరి’ అను క్రియను గ్రహించును. తక్కినవి ‘వచ్చినవి’ అగును. మొదటి ప్రత్యయము వర్తించు మేర దాదాపుగ మన బహువచన మహద్వర్గపు మేరయే. దీనిని గుర్తించిన విద్యార్థి సూత్రమును వల్లెవేయ నక్కఱలేదు.

అయితే సాదృశ్యమే యొకచో ప్రమాదహేతువగును. ‘బిడ్డ పుస్తకమును చదువును’ అనుటకు ‘పక్ లడ్ పుక్’ అందురు. కర్మ, క్రియ, కర్త, ఇది క్రమము. కర్మ క్రియకు ముందుండుట మనకు పరిచితమే. కాని తెలుగున ద్వితీయావిభక్తి కాపు కాయుటచే పదములను ఎట్లు త్రిప్పినను అర్థము చెడదు. క్లింగాన్‌లో కర్తకును కర్మకును విభక్తి లేదు, స్థానమే విభక్తి. ‘పుక్ లడ్ పక్’ అన్నచో పుస్తకమే బిడ్డను చదువును. మఱియు మన క్రియ కర్తను మాత్రమే చివర సూచించును. క్లింగాన్ క్రియ కర్తృకర్మలు రెంటిని ఒకే ఉపసర్గచే మొదటనే తెలుపును. ‘కలెఘ్’ అనగా నేను నిన్ను చూచుచున్నాను. ‘చోలెఘ్’ అనగా నీవు నన్ను చూచుచున్నావు. పట్టికను కంఠస్థము చేసినవాడు సైతము సంభాషణలో ఇచ్చటనే తడబడును. కావున ఒక క్రియను గ్రహించి, నేను నిన్ను, నీవు నన్ను, అతడు నన్ను అని మార్చి మార్చి బిగ్గరగా పలుకుట, తెలిసిన కొలది మాటలతోనే దినచర్యను చెప్పుకొనుట, దానిని మఱియొకనిచే దిద్దించుకొనుట ఆవశ్యకములు. సంస్థవారు స్థాయీభేదములతో పరీక్షలను, ఏటేట సమావేశమును నెలకొల్పుటకును, 1996లో హామ్లెట్ నాటకమునకు అనువాదము వెలయించుటకును ప్రయోజన మిదియే: నేర్చినది వాడుకకు వచ్చుట.

వాడుకకు హద్దు లేకపోలేదు. 1990 దశకమున ఒక అమెరికా భాషాశాస్త్రజ్ఞుడు తన శిశువుతో మొదటి మూడేండ్లు క్లింగాన్‌లోనే మాటలాడెను. ఇంటి వస్తువులకు మాటలు చాలలేదు. బాలుడు ఆ భాషను నిలుపుకొనలేదు. మన ‘బాహుబలి’ చిత్రమునకై (2015) మదన్ కార్కి కల్పించిన కిలికి భాషకును ఈ పరీక్ష తప్పదు. ‘మిన్’ నేను, ‘నిమ్’ నీవు అను జంటపదముల చమత్కారము ఆకర్షించును. 2020లో లిపియు పెరిగిన పదకోశమును వెలువడినవి. ఇక వలసినది ప్రతిదినము ఆ భాషలో మాటలాడువారు.

ఈ విషయము వినోదముతో ముగియదు. 2003 నుండి ఆగ్నేయ మధ్య రైల్వేకు కేంద్రస్థానమైన బిలాసుపురము వంటి పట్టణములలో కొలువులకై వచ్చి నిలిచిన తెలుగు కుటుంబములు కలవు. తెలిపారాలోని తెలుగింటి బిడ్డకు మాట కలదు. బడిలో తెలుగు లేనిచో చదువును వ్రాతయును లేవు. క్లింగాన్ విద్యార్థికి వ్యాకరణమున్నది, ఇల్లు లేదు. ఈ బిడ్డకు ఇల్లున్నది, పుస్తకము లేదు. గురువులేని చోట స్వయముగ నేర్చుకొనుటకు క్లింగాన్ విద్యార్థులకు దొరకినంత క్రమబద్ధమైన సాధనము, క్రమముగ నెదుగు అభ్యాసములు, స్థాయీపరీక్షలు, ఏటికొక కూడిక మన ప్రవాసబాలురకు సమకూర్చుట దుస్సాధము కాదు. కల్పితభాషకు లభించిన శ్రద్ధను కన్నభాషకు చూపుట తెలుగుశాఖల విధి.